చిట్టి, నేను, పొద్దటి మందు

నాకు టీబీ వచ్చింది. పోయింది. ఈ రెండు మాటలు ముందుగాల్నే చెప్పి మొదలుపెడ్తున్న. వచ్చిందని గుసగుసగ చెప్పేటోళ్లు మస్తుమంది ఉన్నరు. పోయిందని నోరు తెరిచి చెప్పేటోళ్లే కనవడరు. రోగంతోని ఉన్నప్పుడు నేను అట్లాంటి ఒక్క మనిషి కోసం చానా దేవులాడిన. దొరకలేదు. అందుకే రాస్తున్న.

నా పేరు సునీత. బోధన్‌ల బస్టాండుకు దగ్గర్లనే ఒక గల్లీల నాకు చిన్న ఫోటో స్టూడియో ఉన్నది. నా పెండ్లి ఎక్కువ కాలం నిలవలేదు. పుట్టింటికి వచ్చి, కెమెరా పట్టుడు నేర్చుకొని, దాని మీదనే బతుకుతున్న. ఇంట్ల నన్ను కన్న మా అవ్వ, నేను, మా తమ్ముని భార్య లత, వాళ్ల ఇద్దరు ఆడపిల్లలు ఉంటం. తమ్ముడు మస్కట్‌ల పని చేస్తడు. పెద్ద పిల్ల హారిక ఐదో తరగతి. చిన్నదాన్ని చిట్టి అని పిలుస్తం. నాలుగేండ్లది, అంగన్‌వాడీకి పోతది.

నాకు పిల్లలు లేరని ఎవరన్న జాలిపడితే నాకు నవ్వొస్తది. హారిక నా పక్కల పండుకుంటది. చిట్టి నా వీపు దిగదు. స్టూడియో పక్క దుకాణంల బట్టలు కుట్టే షబానా బిడ్డ ఆయేషా, బడి విడవంగనే సంచి నా కుర్చీల పడేసి, తెల్ల పరదా ముందట నిలవడి "ఖాలా, నాది తియ్" అంటది. ఖాలా అంటే పిన్ని. నేను పైసలు వచ్చే ఫోటోలకంటే ఈ ముగ్గురి ఫోటోలే ఎక్కువ తీసిన.

పిల్లల ఫోటో తీసుడు పెద్దోళ్ల ఫోటో తీసినట్టు కాదు. నవ్వమంటే పండ్లు ఇకిలిస్తరు, అది నవ్వు కాదు. నేను నేల మీద కూసుండి, నా మొఖం వాళ్ల మొఖం దగ్గర పెట్టి, నొసటి మీది వెంట్రుకలు లేచేటట్టు ఉఫ్ అని ఊదుత. కండ్లు చిట్లించి, కిసుక్కున నవ్వుతరు. గప్పుడు వెనుకకు జరిగి తీస్త. ఎంత ఏడ్చే పిల్లలైనా నా దగ్గర నవ్వుతరని ఊర్ల పేరు. పాస్‌పోర్ట్ సైజు ఫోటో కోసం రెంజల్ నుంచి గూడ పిల్లలను ఎత్తుకొని వస్తరు.

ఎండకాలం

దగ్గు పెండ్లిళ్ల సీజన్ల మొదలైంది. జక్రాన్‌పల్లిల ఒక పెండ్లి తీస్తుంటె, హోమం పొగ పట్టింది అనుకున్న. తర్వాత దుమ్ము అనుకున్న. తర్వాత చల్లటి నీళ్లు తాగినందుకు అనుకున్న. అనుకోనీకి ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుండె. గల్లీల డాక్టరు ఇచ్చిన సిరప్ తాగితే నాలుగు రోజులు తగ్గినట్టు అయి, మళ్ల వచ్చేది. పొద్దు గూకే యాళ్లకు ఒళ్లు వెచ్చవడేది. గాజులు మోచేతి దాక జారుతున్నయి.

"ఎండల తిరిగి తిరిగి కట్టెలెక్క అయితున్నవ్" అని అవ్వ మజ్జిగ కలిపి ఇచ్చేది. చిట్టి నా వీపెక్కి "అత్తా, నీ బొక్కలు గుచ్చుకుంటున్నయ్" అన్నది ఒకనాడు. అందరం నవ్వినం.

తొలి వానలు

బడులు తెరిచిన్రు. రెంజల్ దిక్కు ఒక ఊరి బడిల గ్రూప్ ఫోటో తీయనీకి పోయిన. పిల్లలను పొట్టోళ్లను ముందు, పొడుగోళ్లను వెనుక నిలవెట్టి, కెమెరా ఎత్తేసరికి దగ్గు వచ్చింది. ఆగలేదు. పక్కకు పోయి దస్తీ అడ్డం పెట్టుకున్న. ఆగినంక మూతి తుడుచుకొని వచ్చి నిలవడ్డ. ముందు వరుసల ఒక పిల్ల నన్ను చూసి అడిగింది.

"అక్కా, పాన్ తిన్నవా?"

దస్తీ తెరిచి చూసుకున్న. ఎర్రగున్నది.

"అవ్ బిడ్డా, తిన్న" అన్న. దస్తీ మడత పెట్టి సంచిల ఏసుకున్న. ఫోటో తీసిన. మంచిగనే వచ్చింది. ఆనాడు మాత్రం పిల్లల దగ్గరికి పోలేదు, ఊదలేదు. దూరంకెళ్లి తీసి బస్సెక్కిన.

ఇంటికి పోలేదు. సక్కగ షబానా దుకాణంల కూసున్న. ఆమె మిషన్ ఆపి దస్తీ చూసింది. కుడుతున్న జాకిట్టు పక్కన పెట్టి, "రేపు పొద్దుగాల నిజామాబాద్ పెద్ద దవాఖానకు పోదాం అక్కా. నేను వస్త" అన్నది.

దవాఖానల కూసున్నదే నాకు ఇప్పటికీ ఎక్కువ యాదికి వస్తది. పొడుగు బెంచీలు, తడిసిన చెప్పుల వాసన, ఎవరు దగ్గినా అందరూ తలకాయ తిప్పి చూసుడు. నేను దగ్గినప్పుడు గూడ చూసిన్రు. నేను లేచి గోడ దగ్గర నిలవడ్డ. సరిహద్దు అవతలికెళ్లి కోడలిని తీస్కొచ్చిన ఒక మరాఠీ ముసలామె నా కొంగు పట్టి గుంజి తన పక్కన్నే కూసోవెట్టుకున్నది. "ఘాబరూ నకో" అన్నది. భయపడకు అని. ఆమె కోడలుకు గూడ ఇదే రోగమట. ఆ పొద్దంతా ఆమె నా పక్కనుంచి లేవలేదు. పేరు గూడ అడగలేదు నేను.

తెమడ పరీక్ష చేసిన్రు, ఛాతీ ఎక్స్‌రే తీసిన్రు. మళ్ల పిలిచినప్పుడు డాక్టరమ్మ నిదానంగ చెప్పింది. "టీబీ. భయపడకండ్రి, మందులున్నయి, ఉత్తగనే ఇస్తం. ఆరు నెలలు ఒక్కరోజు గూడ తప్పకుండ మింగాలె. తగ్గుతది."

నేను తలకాయ ఊపిన. గప్పటిదాక ధైర్యంగనే ఉన్న.

"ఇంట్ల చిన్నపిల్లలు ఉన్నరా?" అని అడిగింది.

నా పక్కల పండుకునే హారిక, వీపు మీది చిట్టి, పరదా ముందట ఆయేషా. వాళ్ల మొఖాల మీద ఉఫ్ అని ఊదిన నా నోరు. షబానానే జవాబు చెప్పింది. "ఉన్నరమ్మా. మా పిల్ల గూడ ఉన్నది."

"అందరినీ తీస్కరండ్రి. పరీక్ష చేద్దాం. లేకుంటే రాకుండ మందిస్తం, ఉంటే తగ్గే మందిస్తం. దాసిపెట్టొద్దు, అంతే" అన్నది డాక్టరమ్మ.

బస్సుల షబానా కిటికీ తెరిచింది. నాకు దూరంగ కూసుంటదేమో అనుకున్న. నా పక్కన్నే కూసున్నది. మూతికి మాత్రం దుపట్టా కట్టుకున్నది. "నా బిడ్డ కోసం కట్టుకుంటున్న, తప్పుగ అనుకోకు అక్కా" అన్నది. అట్ల సాఫ్ సీదా చెప్పినందుకు నాకు ఎంత నయమనిపించిందో.

ఇంట్ల

అవ్వకు చెప్పంగనే తలుపు దగ్గరికేసింది. "ఎవ్వలకు సెప్పకు. నిమోనియా అని సెప్పు. హారిక రేపు పెండ్లీడుకొస్తది, మందికి నోళ్లున్నయి."

"అవ్వా, పిల్లలను పరీక్షకు తీస్కపోవాలె. దాసిపెడితే ఎట్ల?"

లత గడప దగ్గర నిలవడి విన్నది. ఆమె మంచి మనిషి, నన్ను ఎన్నడూ ఒక్క మాట అన్నది కాదు. గప్పుడు మాత్రం చిట్టిని నా దగ్గరికి రాకుండ చెయ్యి పట్టుకొని గుంజింది. పిల్ల ఏడ్చింది.

"వదినె, నీ మీద కోపం లేదు" అన్నది. "గని నా పిల్లలను ఇక్కడ ఉంచ."

"ఉంచకు. ముందు దవాఖానకు తీస్కపో. తర్వాత ఎక్కడికన్న పో."

"నా పిల్లలకేం లేదు! ఊకె రోగం రోగం అని వాళ్లకు అంటగట్టకు!"

మర్నాడు పొద్దుగాల్నే పిల్లలను తీసుకొని కమ్మర్‌పల్లికి, తల్లిగారింటికి పోయింది. నేను స్టూడియో వెనుక అర్రలకు మారిన. అవ్వను పరీక్షకు పంపిన, ఆమెకు ఏం లేదన్నరు. ఆయేషాకు గూడ ఏం లేదన్నరు. రాకుండ మందు మొదలుపెట్టిన్రు. షబానా ఆ మాట చెప్పనీకి వచ్చి షట్టర్ అవతల నిలవడి ఏడ్చింది. నేను ఇవతల ఏడ్చిన. తర్వాత ఆమె కన్నీళ్లు తుడుచుకొని, కిచిడీ డబ్బా కింద పెట్టి, "తిను, సల్లగైతది" అని పోయింది.

మందు కడుపుల దేవేది. అన్నం వాసన పడకపోయేది. ఒంటికి పోతే నారింజ రంగు వచ్చేది. ఎవరన్న కొత్తగ ఈ మందు మొదలుపెట్టినోళ్లు ఇది చదువుతుంటే చెప్తున్న, ఆ రంగు చూసి భయపడకుండ్రి. ఎన్ని తిప్పలైనా గోలీలు మాత్రం విడవకుండ్రి. నాకు మొదటి దినాలల్ల ఒక్కటే పట్టుదల ఉండె. నాకెళ్లి ఇంకొకరికి పోవద్దు. ఇష్టమున్నా లేకున్నా మింగేది అందుకే.

అంగన్‌వాడీ టీచరమ్మకు ఫోన్ చేసి నేనే చెప్పిన. ఎందుకంటే పిల్లల బరువు తూసే రోజు నేను నెలకోసారి పోయి, ఊరికెనే ఫోటోలు తీసిస్తుంటి. ఆమె "నువ్వు చెప్పినవ్, మంచిపని చేసినవ్. దవాఖానోళ్లను అడుగుత" అన్నది. దవాఖాన మనుషులు వచ్చి పిల్లలను చూసిపోయిన్రు, అందరూ మంచిగనే ఉన్నరన్నరు. గని ఆ మాట గల్లీ గల్లీ తిరిగింది. స్టూడియో ముందటికెళ్లి పోయే తల్లులు పిల్లలను అటు పక్కకు మార్చుకొని నడిచేటోళ్లు. నేను అద్దంలకెళ్లి చూస్తుంటి. అయినా చెప్పినందుకు ఒక్కనాడు గూడ బాధపడలేదు.

శ్రావణం

లత ఫోన్ ఎత్తదు. హారిక ఒకసారి తాత ఫోన్‌కెళ్లి చేసి, "అత్తా, నువ్వు సచ్చిపోతవా?" అని అడిగింది. "పోను బిడ్డా. చిట్టి ఏం చేస్తున్నది?" అన్న. "దానికి ఊకె జొరం వస్తుంది" అన్నది, అంతల ఎవరో ఫోన్ గుంజుకున్నరు.

ఆ మాట నన్ను నిలవనియ్యలేదు. కంప్యూటర్ తెరిచి చిట్టి ఫోటోలు చూసుకుంటు కూసున్న. బెంగతోనే చూసిన, ఇంకేం కాదు. పుట్టినరోజు నాడు కొత్త గౌను ఏసుకొని పక్కకు తిరిగి బుగ్గ చూపిస్తున్నది. పిల్ల మెడ మీద, చెవి కిందికి, వెలుతురు ఒక తీరుగ పడ్డది. నీడ ఉండాల్సిన జాగల ఉబ్బుగ ఉన్నది. ఫోటో పెద్దగ చేసిన. రేగ్గాయంత గడ్డ.

వెనుకటి ఫోటోలు తీసిన. ఉగాది నాటి దాంట్ల అదే పక్క, మెడ నున్నగున్నది. ఎండకాలం నడుమల తీసిన దాంట్ల లేదు. పుట్టినరోజు ఫోటోల ఉన్నది. నా చేతులతోని నేను తీసిన ఫోటో, మెరుగులు దిద్ది ప్రింటు గూడ వేసిన, అప్పుడు చూడలేదు.

నిజామాబాద్‌కు ఫోన్ చేసి డాక్టరమ్మను అడిగిన. మందు మొదలై దినాలైనయి, తెమడ మళ్ల పరీక్షిస్తే సాఫ్ వచ్చింది కాబట్టి, మాస్కు కట్టుకొని పోవచ్చు అన్నది. అవ్వ వద్దన్నది. "ఈ ఒంటితోని అంత దూరం పోతవా? వాళ్లు తలుపు తీయకుంటే?"

"తీసేదాక కూసుంట."

ఆర్మూర్ దాక బస్సు, అక్కడికెళ్లి షేరింగ్ ఆటో. వానకు మక్కజొన్న చేన్లు రోడ్డుకు ఇరుపక్కల నిండుగ ఉన్నయి. ఆటోల కూసుంటే ఆయాసం. నా పక్కామె నా మాస్కు చూసి జరిగింది. జరుగనీ అనుకున్న.

లత తండ్రి గేటు తీసిండు, లోపలికి రమ్మనలేదు. నేను గూడ పోలేదు. వాకిట్ల గద్దె మీద కూసున్న. లత బయటికొచ్చింది. ముఖం గుంజుకపోయి ఉన్నది.

"వదినె, ఎందుకొచ్చినవ్?"

ఫోన్ల ఫోటో తీసి చూపించిన. "చిట్టి మెడకు కుడిపక్క సూడు లతా. చెవి కింద. చెయ్యి పెట్టి సూడు. నేను ముట్ట. నువ్వే సూడు."

లత ఫోటో చూసింది. లోపలికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. ఆ సప్పుడు లేని ఇంట్లకెళ్లి చిట్టి గొంతు వినవడ్డది, "అమ్మా, చక్కిలిగిలి పెట్టకే." తర్వాత లత వచ్చి వాకిట్ల మెట్ల మీదనే కూలవడ్డది.

"ఉన్నది" అన్నది. "నాకు ఎరుకనే వదినె. తలకు పోసేటప్పుడు చేతికి తాకింది. దోమ కుట్టింది అనుకున్న. నువ్వు ఫోన్ చేస్తుంటె ఎత్తుత ఎత్తుత అనుకున్న. ఎత్తితే నువ్వు ఇదే చెప్తవని భయమైంది."

ఆమె తండ్రి నా దిక్కు తిరిగి, "నీకెళ్లే వచ్చింది కద ఇది" అన్నడు.

"వచ్చి ఉండొచ్చు బాపు" అన్న. "నన్ను ఎన్ని తిట్లైనా తిట్టు, పడ్త. రేపు తిట్టు. ఇయ్యాల మాత్రం పిల్లను దవాఖానకు తీస్కపోనియ్యి."

ఆయన తువ్వాల భుజాన ఏసుకొని ఆటో పిలువనీకి పోయిండు.

చిట్టి బయటికొచ్చి నన్ను చూసింది. ఉరుకొచ్చి మీద పడబోయింది. నేను రెండు చేతులు అడ్డం పెట్టిన. పిల్ల నిలవడి నా మాస్కు చూసింది. "దొంగోని లెక్క ఉన్నవ్ అత్తా" అన్నది. నా బతుకుల అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు, ఆ చేతులు అడ్డం పెట్టుడు.

మళ్ల అవే బెంచీలు

గడ్డలకెళ్లి సూదితోని తీసి పరీక్షకు పంపిన్రు. సూది కుచ్చేటప్పుడు చిట్టి అమ్మా అనలేదు, అత్తా అని మొత్తుకున్నది. నేను తలుపు బయట గోడకు నెత్తి ఆనించి నిలవడ్డ. రిజల్టు వచ్చినంక డాక్టరమ్మ చెప్పింది, పిల్లకు గూడ టీబీనే, మెడ గడ్డలది. హారికకు ఏం లేదు.

"నాకెళ్లే వచ్చిందా అమ్మా?" అని లత ముందటనే అడిగిన.

"ఒక్క ఇంట్ల ఉన్నరు, అయ్యుండొచ్చు. గట్టిగ ఎవ్వరూ చెప్పలేరు. చిన్నపిల్లలకు ఇది ఆలస్యమైతే మెదడుకు గూడ ఎక్కుతది. మీరు యాళ్లకు తెచ్చిన్రు. అది పట్టుకోండ్రి."

బయట బెంచీ మీద లత నా పక్కన కూసున్నది. నడుమల చిట్టి. లత అన్నది, "ఇంటికి పోదాం వదినె. రెండు ఇండ్లల్ల ఇద్దరికి మందు పోసుడు నాతోని కాదు."

తమ్ముడు మస్కట్‌కెళ్లి ఫోన్ల ఏడ్చిండు. పని విడిచి వస్త అన్నడు. "నువ్వొచ్చి నా మందు మింగుతవా? చిట్టిది తాగుతవా? ఉండు అక్కడ్నే. మేం చూసుకుంటం" అన్న. ధైర్యమున్నదని కాదు, అట్ల అంటే ధైర్యం వస్తదేమోనని అన్న.

వానల సంది చలికాలం దాక

పొద్దున మొఖం కడగంగనే మందు. నావి గోలీలు, చిట్టిది నీళ్లల్ల కరిగే గోలీ. మొదటి వారం పిల్ల ఊసింది, పండ్లు బిగవట్టింది, మంచం కిందికి దూరింది. లత కొట్టబోతే అవ్వ అడ్డం వచ్చేది, అవ్వను లత తిట్టేది. ఇంట్ల పొద్దున్నే లొల్లి. ఒకనాడు నేను గూడ మంచం కిందికి దూరి చిట్టి పక్కన బోర్ల పండుకున్న.

"నాకు గూడ తాగబుద్ధి కాదు చిట్టి" అన్న.

"మరి ఎందుకు మింగుతవ్?"

"మింగకుంటే దగ్గు మళ్లొస్తది. మళ్లొస్తే నువ్వు నా వీపెక్కొద్దు."

పిల్ల జర ఆలోచించింది. "నేను తాగకుంటే?"

"నీ మెడల గడ్డ పెద్దగైతది. నిన్ను దవాఖానల పండవెడ్తరు. నేను ఇంట్ల ఒక్కదాన్నే ఉంట."

"ఒక్కదానివి ఉంటే భయమైతదా నీకు?"

"అయితది."

పిల్ల మంచం కిందికెళ్లి బయటికి పాకింది. లత చేతులకెళ్లి గ్లాసు తీసుకొని కండ్లు మూసుకొని తాగింది. తాగి, ఖాళీ గ్లాసు నా ముందట పెట్టి, "నువ్ మింగు ఇంక" అన్నది. గా నాటి నుంచి నేను మింగుడు ఆమె చూసేది, ఆమె తాగుడు నేను చూసేది. నాలుగు రోజులకు బాత్రూంలకెళ్లి ఇల్లంత వినవడేటట్టు "అత్తా, నాది గూడ నీ రంగే అచ్చింది!" అని మొత్తుకున్నది. అవ్వ చెవులు మూసుకున్నది. లత నవ్వింది. ఆమె నవ్వంగ చూసి ఎన్ని నెలలైందో.

బతుకమ్మకు నేను కుర్చీల కూసుండి ఫోటోలు తీసిన. కొందరు దూరం జరిగిన్రు, కొందరు వచ్చి ఫలారం చేతుల పెట్టిన్రు. ఎవ్వరినీ గుర్తు పెట్టుకోవద్దని ఒట్టు పెట్టుకున్న. ఒంట్లకు మెల్లగ కండ వచ్చింది. షబానా నా జాకిట్లు రెండుసార్లు కుట్లు విప్పి పెద్దగ చేసింది. పసుపు తవ్వకాలు మొదలైనంక నా మందు అయిపోయింది. తెమడ సాఫ్. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ "ఇంక రాకండ్రి నా దగ్గరికి" అని నవ్వింది. చిట్టిది ఇంకా కొన్ని దినాలు మిగిలింది. అవి అయ్యేదాక నేను రోజూ పొద్దున ఆమె ముందట ఉత్త నీళ్ల గ్లాసు పట్టుకొని కూసున్న. పసుపు ఉడకవెట్టే వాసన ఊర్లల్లకెళ్లి వస్తున్న దినాలల్ల ఆమెది గూడ అయిపోయింది. మెడ మీద గడ్డ లేదు, చిన్న మచ్చ ఉన్నది.

తర్వాత

అంగన్‌వాడీ టీచరమ్మ తల్లుల మీటింగు పెట్టి నన్ను పిలిచింది. "నీ నోటితోని చెప్పు సునీతా. నేను చెప్తే ఊకె చెప్తది అనుకుంటరు" అన్నది. చిట్టిని ఎత్తుకొని పోయిన. చాపల మీద తల్లులు కూసున్నరు. నన్ను చూడంగనే కొందరు పిల్లలను ఒళ్లెకు గుంజుకున్నరు. స్టూడియో ముందట పక్కకు మారి నడిచిన మొఖాలే.

నేను నిలవడి మొదలుపెట్టిన. దగ్గు రెండు వారాలు దాటితే పరీక్ష చేయించుకోండ్రి అన్న. మందు ఉత్తగనే ఇస్తరన్న. ఎవ్వరూ నా మొఖం చూడరు. చెప్పేది అయిపోయినట్టే అనిపించి ఆగిన.

చిట్టి నా చేతులకెళ్లి దిగింది. నా ముందటికొచ్చి నిలవడి, గౌను మెడకాడ పక్కకు గుంజి, మచ్చ మీద ఏలు పెట్టి చూపించింది.

"నాకు గూడ అచ్చింది" అన్నది అందరికి వినవడేటట్టు. "మందు చేదు ఉంటది. తాగిన. పోయింది."

ఒక తల్లి పక్కుమని నవ్వి, వెంటనే కొంగు అడ్డం పెట్టుకొని కండ్లు తుడుచుకున్నది. పిల్లలు మచ్చ చూడనీకి చిట్టి చుట్టు చేరిన్రు. తల్లులు వెనుకకు గుంజలేదు. వెనుక వరుసలకెళ్లి ఒకామె మెల్లగ లేచింది. స్టూడియో ముందట నన్ను చూసి కొడుకును ఎత్తుకొని గబగబ నడిచిపోయినామెనే.

"సునీతక్కా" అన్నది. "మా అత్తకు దీపావళి సంది దగ్గు తగ్గుతలేదు. ఇంట్ల ఎవ్వలకు సెప్పనిస్తలేదు. ఏ దవాఖానకు పోవాలె?"

"రేపు పొద్దుగాల తయారుగుండుమను" అన్న. "నేనే తీస్కపోత."

పొద్దున బోధన్ బస్టాండుల ఆ ముసలామె మొఖానికి కొంగు కప్పుకొని, ఎవరన్న చూస్తరేమోనని అటు ఇటు చూసుకుంటు వచ్చింది. నిజామాబాద్ బస్సు వచ్చింది. ఎక్కినంక ఆమె కిటికీ మూలకు ఒదిగి, నాకు దూరంగ కూసోనీకి జరిగింది. నేను కిటికీ తెరిచి ఆమె పక్కన్నే కూసున్న.